ముందు నురగ సంగతి రాయండి

ప్రశ్న: సార్, నమస్కారం. మాది అనంతపురం. మూడేళ్ళ కిందట మా ఆయన, నేను కలిసి రెండు కట్టె గానుగలు పెట్టుకున్నాం. చెనక్కాయల నూనె, నువ్వుల నూనె, కొబ్బరి నూనె ఆడిస్తాం. కొట్టు దగ్గర నెలకు మూడు వందల లీటర్ల దాకా పోతుంది. బయట ఊళ్ళకు కూడా పంపుదామని ఏడాది కిందట వెబ్‌సైట్ చేయించాం. చేసినవాళ్ళే బ్లాగ్ కూడా రాస్తామంటే నెలకు ఎనిమిది వేలు ఇస్తున్నాం. ఇప్పటికి తొంభై దాకా వ్యాసాలున్నాయి, అన్నీ ఇంగ్లిష్‌లోనే, 'వేరుశనగ నూనె పది ఉపయోగాలు' లాంటివి. అవి చూసి కొన్నవాళ్ళు నాకు తెలిసి ఇద్దరు. రీల్స్ పెడితే ఒకదాన్ని రెండు లక్షల మంది చూశారు, ఆర్డర్లు మాత్రం నాలుగు. ఇప్పుడు నెలకు పదిహేను వేలిస్తే ఏఐతో రోజుకు రెండు వ్యాసాలు వేస్తామంటున్నారు. మా ఆయనేమో ఇదంతా దండగ, ఆ డబ్బుతో ఆటోకి మైకు కట్టి తిప్పుదాం అంటున్నాడు. నాకు రాయడం ఇష్టం. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. నేనే రాస్తే ఎవరైనా చదువుతారా? అసలు మాలాంటి చిన్న వ్యాపారానికి బ్లాగ్ అవసరమా? టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

ముందు మీ ఆయన మాట చూద్దాం. ఆటోకి మైకు కట్టడం నవ్వుకోవాల్సిన పనేమీ కాదు. 'గానుగ నూనె, మీ కళ్ళ ముందే ఆడించి ఇస్తాం' అని రెండు రోజులు సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల తిరిగితే తొంభై వ్యాసాలు తేలేనంత మంది కొట్టుకు వస్తారు. ఊళ్ళో అమ్మకం పెంచాలంటే ఆయన చెప్పిందే చేయండి. కాకపోతే బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న అనంతపురం మనిషికి ఆ మైకు వినబడదు. అతనికి మీ సంగతి తెలియాలంటే రాతే దిక్కు. కాబట్టి మైకు వేరు, రాత వేరు. రెండూ పెట్టుకోవచ్చు.

ఇక ఆ తొంభై వ్యాసాలు. మీరు లింకు పంపారు కదా, కూర్చుని ఓ పాతిక చదివాను. అనంతపురం అన్న మాట ఒక్కదాంట్లోనూ కనబడలేదు. గింజలు ఎక్కడివో, ఎప్పుడు ఆడించారో, లీటరు ఎంతో లేదు. ఒకదాంట్లో ఆలివ్ నూనె సీసా బొమ్మ పెట్టారు. ఇంకోదాంట్లో ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతోంది. మీది మోటారుతో తిరిగే కట్టె గానుగ. మరి ఆ ఎద్దు ఎక్కడి నుంచి వచ్చింది? మీ కొట్టుకొచ్చి చూసినవాళ్ళు ఆ బొమ్మ చూస్తే మిగతాదంతా కూడా ఇలాంటిదే అనుకోరా?

ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. 'ఈ నూనె వాడితే షుగర్ తగ్గుతుంది', 'గుండెజబ్బు రాదు' అని రాసిన వ్యాసాలు నాకు నాలుగు కనిపించాయి. ఇంకా ఉండవచ్చు. వాటిని వెంటనే తీసేయించండి. ఆహార పదార్థాల ప్రకటనల మీద 2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే దేశంలో తిండి సరుకుల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ, నిబంధనలు తెచ్చింది. ఫలానా తిండి జబ్బును నయం చేస్తుందని, జబ్బు రాకుండా ఆపుతుందని చెప్పుకోవడం వాటి ప్రకారం కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 53వ సెక్షన్ కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. బ్లాగ్ కదా, ప్రకటన ఎలా అవుతుందని వాదించవచ్చు. కానీ కిందనే 'ఇప్పుడే కొనండి' అన్న బటన్ ఉన్నాక ఆ వాదన నిలబడదు. రాసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు, మీ పేరే ఉంది. నోటీసంటూ వస్తే మీ ఇంటికే వస్తుంది. ఇంకో వ్యాసంలో 'కొలెస్ట్రాల్ లేని నూనె' అని గొప్పగా రాశారు. గింజల నుంచి తీసే ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. అది మీ నూనె గొప్పేం కాదు.

మిగతావి ఎందుకు పనిచేయలేదో చెప్తాను. 'వేరుశనగ నూనె ఉపయోగాలు' అని గూగుల్లో వెతికే మనిషి ఆ పూట నూనె కొనడానికి రాలేదు. స్కూలు పిల్లాడి ప్రాజెక్టు కోసమో, ఊరికేనో వెతుకుతున్నాడు. ఒకవేళ నిజంగానే తెలుసుకోవాలనుకున్నా, అతని ముందు పెద్ద పత్రికలవీ కార్పొరేట్ ఆసుపత్రులవీ పేజీలు బారులు తీరి ఉంటాయి. ఈ మధ్య గూగులే పైన నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పేస్తోంది. ఈ గుంపులో మీ తొంభైని ఎవరు చూస్తారు? వాళ్ళు ఇప్పుడు రోజుకు రెండు వేస్తామంటున్నారు. అంటే ఏడాదికి ఏడు వందల ముప్పై. వెతుకులాటలో పైకి రావడం కోసమే గుట్టలుగా పేజీలు వేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో తన స్పామ్ (చెత్త పేజీల) నియమాల్లో తప్పుగా స్పష్టంగా చేర్చింది. మనిషి రాశాడా, యంత్రం రాసిందా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. పదిహేను వేలిచ్చి మీ సైట్‌కే చెడ్డపేరు తెచ్చుకోవడం ఎందుకు? ఆ మాట వాళ్ళకు మర్యాదగానే చెప్పి పంపేయండి.

కానీ రాత వ్యర్థం అనుకోకండి. మన తెలుగువాళ్ళలోనే ఈ పని బ్రహ్మాండంగా చేసినవాళ్ళున్నారు. మద్రాసులో కేసరి కుటీరం పెట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరి ఆడవాళ్ళ కోసం 'లోధ్ర' అనే మందు అమ్మేవారు. ఆయన 1928లో 'గృహలక్ష్మి' అనే మాసపత్రిక పెట్టారు. ఆడవాళ్ళ ఆరోగ్యం, ఇల్లు, చదువు, కథలు, వ్యాసాలు దాన్నిండా ఉండేవి. రచయిత్రులకు గృహలక్ష్మి పేరుతోనే స్వర్ణకంకణం ఇచ్చేవారు. మందు కొనాల్సిన మనిషి ఎవరో, ఆమెకు పనికొచ్చేదేమిటో ఆయనకు తెలుసు. ఆయనకంటే ముందు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఊరికే పంచిపెట్టారని చెప్పుకుంటారు. గంటల తరబడి కూర్చున్నవాళ్ళకు తలనొప్పి రాక మానదు కదా! తర్వాత 1908లో ఆయన ఆంధ్రపత్రిక పెట్టారు, ఆ పత్రికకు అమృతాంజనం డబ్బే అండ. కంటెంట్ మార్కెటింగ్, అంటే పనికొచ్చేది రాసి దాంతో సరుకు అమ్ముకోవడం, అనే మాట వీళ్ళిద్దరూ విని ఉండరు. కొనేవాడు ఎక్కడుంటాడో, ఏం కావాలనుకుంటాడో అక్కడి నుంచి మొదలుపెట్టారు. మీరూ పత్రిక పెట్టమని అనడం లేదులెండి.

నా సంగతి ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందట ఒక పరుపుల కొట్టుకు కరపత్రాలు రాసేవాణ్ణి. 'మెత్తని పరుపు, కమ్మని నిద్ర' అంటూ ప్రాసలు కుదిర్చి మురిసిపోయేవాణ్ణి. జనం ఆ కాయితాల్లో బజ్జీలు పెట్టుకు తినేవాళ్ళు. ఒకరోజు ఆ కొట్టు గుమాస్తా అన్నాడు: "సార్, ఇక్కడికి వచ్చే ప్రతివాడూ నన్ను అడిగేది ఒకటే. ఈ దూది మళ్ళీ ఎన్నేళ్ళకు ఏకించాలి, ఎంతవుతుంది, అంత దాకా ఎండలో ఎలా వేసుకోవాలి అని. అది రాయొచ్చు కదా!" రాశాను. ప్రాస లేదు, మెరుపు లేదు. ఆ కాయితం ఇళ్ళలో క్యాలెండర్ వెనక దోపుకుని దాచుకున్నారు. రెండేళ్ళ తర్వాత దాన్ని పట్టుకుని దూది ఏకించడానికి వచ్చినవాళ్ళున్నారు. అప్పటి నుంచి నేను రాసే ముందు గుమాస్తాని అడుగుతాను.

మీ కొట్టులో ఆ గుమాస్తా మీరే. ఒక నోటుపుస్తకం కౌంటర్ మీద పెట్టండి. పదిహేను రోజుల పాటు వచ్చినవాళ్ళు అడిగిన ప్రతి ప్రశ్న, ఫోన్‌లో అడిగినవి కూడా, వాళ్ళ మాటల్లోనే రాయండి. 'మీ నూనె ఎందుకంత రేటు?', 'పొంగుతా ఉంది, కల్తీనా?', 'కింద మడ్డి పేరుకుంది', 'ఎన్నాళ్ళుంటుంది?', 'ఎద్దు గానుగా, కరెంటు గానుగా?', 'కొరియర్‌లో సీసా పగిలితే?', 'మా చెనక్కాయలే తెస్తే ఆడిస్తారా?'. మీరు దిద్ది అందంగా చేయకండి. పదిహేను రోజుల్లో ఓ ఇరవై పోగవుతాయి. ఏడాది పాటు రాయాల్సింది అదే. ప్రశ్నకో పేజీ, ప్రశ్నే దానికి పేరు.

మొదట నురగ గురించి రాయండి. గానుగ నూనె కొత్తగా కొన్నవాళ్ళు భయపడి ఫోన్ చేసేది దీని గురించే. ఎలా రాయాలో తెలియడానికి నేనొక ముక్క రాసి చూపిస్తాను, మీ మాటల్లోకి మార్చుకోండి:

"మా నూనెలో మొదటిసారి బజ్జీలు వేస్తే నురగ పొంగుతుంది. అది కల్తీ కాదు. రిఫైన్డ్ నూనెలో గింజ నుంచి వచ్చే జిగురును తీసేస్తారు, మేం తీయం. ఆ జిగురుకు కొద్దిపాటి తేమ తోడై వేడికి నురగ కడుతుంది. అందుకని బాణలిలో సగానికే నూనె పోయండి, మంట పెద్దగా పెట్టకండి. ఈ నూనె సుమారు 160 డిగ్రీల దగ్గరే పొగ మొదలెడుతుంది. రిఫైన్డ్ నూనె 230 దాకా ఓర్చుకుంటుంది. కాబట్టి తాలింపులకు, కూరలకు, పొడుల్లో కలుపుకోవడానికి మా నూనె బాగుంటుంది. రోజంతా బాణలి కాగే బజ్జీల బండికి ఇది పనికిరాదు, అలాంటివాళ్ళు వస్తే మేమే వద్దంటాం."

చివరి వాక్యం చూసి మీ ఆయన కంగారుపడతాడు. వచ్చే బేరాన్ని పొమ్మంటారా అని. పొమ్మంటేనే మిగతావాళ్ళు నమ్ముతారు. పైగా బజ్జీల బండివాడు లీటరుకు అంత రేటు పెట్టి మీ దగ్గర కొననే కొనడు.

రెండోది రేటు. వెబ్‌సైట్‌లో మీరు రేటు పెట్టలేదు, 'వివరాలకు సంప్రదించండి' అని ఉంది. పక్కవాళ్ళు చూస్తారని భయం కాబోలు. పక్కవాళ్ళకు మీ రేటు ఎప్పుడో తెలుసు. తెలియనిది కొనేవాడికే. సూపర్ మార్కెట్లో ప్యాకెట్ ఒక రేటుకు దొరుకుతుంటే మీది రెట్టింపు ఎందుకో చెప్పకపోతే, మీరు దోచుకుంటున్నారనే అనుకుంటాడు. లెక్క విప్పి చూపించండి. లీటరు నూనెకు కట్టె గానుగలో సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి కదా. కిలో 130 అనుకుంటే గింజలకే 325. నూనె తీశాక మిగిలే పిప్పి, అదే చెక్క, ఓ కిలో నాలుగు వందల గ్రాములు వస్తుంది, కిలో 40 చొప్పున పశువులవాళ్ళు తీసుకెళ్తే 56 వెనక్కి వస్తుంది. నికరంగా 269. దాని మీద కూలి, కరెంటు 40, సీసా, లేబుల్ 25, ఏరి పారేసిన గింజల నష్టం 15. మొత్తం 349. మీరు 380కి అమ్మితే మిగిలేది 31 రూపాయలు. ఇవన్నీ నేను అనుకున్న అంకెలు, మీ చీటీల్లో ఉన్నవి వేసుకోండి. గింజల ధర మారినప్పుడల్లా ఆ పేజీలో అంకె మార్చి, కింద తేదీ వేయండి. ఇలాంటి పేజీ చదివిన మనిషి బేరమాడడు. ఇంకో లాభం కూడా ఉంది. లీటరు గానుగ నూనె 200కే ఇస్తామని ఎవరైనా అంటే, రెండున్నర కిలోల గింజలు ఎక్కడి నుంచి తెచ్చాడని కొనేవాడే అడుగుతాడు. మీరు ఎవరినీ తిట్టాల్సిన పని ఉండదు.

మూడోది మీకు రాయడానికి భయం వేసే విషయం. నోటుపుస్తకంలో అది రాకపోవచ్చు కూడా, ఎందుకంటే కొనేవాళ్ళలో చాలామందికి తెలియదు. చెనక్కాయల్లో పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, ఆరా తీయగా వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. అలా ఇది లోకానికి తెలిసింది. పంట చివర్లో వాన ఎగ్గొట్టి గింజ ఎండకు మాడిపోతే ఈ బూజు ఎక్కువ. మీ జిల్లాలో వాన ఎగ్గొట్టడం కొత్తేమీ కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థలో దీని మీద ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు. ఇందులో గానుగవాళ్ళకు మింగుడుపడని నిజం ఒకటుంది. విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది, కొంత నూనెలోకి వస్తుంది. రిఫైనరీలో జరిగే శుద్ధిలో అది పోతుంది. గానుగలో పోదు. అంటే మన దగ్గర ఉన్న కాపలా ఒక్కటే, బూజు పట్టినవీ ముడుచుకుపోయినవీ రంగు మారినవీ ఏరి పారేయడం, తడి లేకుండా నిల్వ చేయడం.

మీరు గింజలు ఏరించే ఉంటారు, కానీ వెబ్‌సైట్‌లో ఆ ఊసే లేదు. మీ దగ్గర ఉన్న గొప్ప విషయం అదే. ఇద్దరు ఆడవాళ్ళు చాటల్లో గింజలు ఏరుతున్న ఫోటో, పక్కనే ఒక బస్తాకు ఎన్ని కిలోలు పక్కకు పోయాయో తూకం కాటా మీద ఫోటో. అవి పెట్టి ఈ సంగతి దాచకుండా రాయండి. 'మా నూనెలో విషం లేదు' అని మాత్రం ఉత్తినే రాయకండి. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే ఆ కాయితం, తేదీతో సహా పెట్టండి. చేయించకపోతే మీరు చేసే పని మాత్రమే చెప్పండి. ఏరి పారేసిన గింజలు ఏం చేస్తారో కూడా ఆలోచించుకోండి, ఎవరో ఒకరు అడుగుతారు. పశువులకు పెడుతున్నాం అనే జవాబు మాత్రం ఇవ్వకూడదు, పాలల్లోకి కూడా వస్తుందది.

మడ్డి, నిల్వ, సీసా పగలడం లాంటివి చిన్న పేజీలే. పది వాక్యాలు చాలు. పెద్దగా ఉంటేనే గూగుల్ మెచ్చుకుంటుందని సాగదీయకండి.

ఏ భాషలో రాయాలన్నది మీరు అడగలేదు కానీ మీ ఉత్తరం నిండా ఆ సంకోచం కనబడింది. తెలుగులో రాయండి. తెలుగులో అంటే ఏ తెలుగులో అన్నది అసలు ప్రశ్న. మీ ఇంట్లో చెనక్కాయలు అంటారు, కర్నూలు వైపు బుడ్డలు, తెలంగాణలో పల్లీలు, కోస్తాలో, పుస్తకాల్లో వేరుశనగ. నువ్వుల నూనెను కోస్తాలో పప్పునూనె అంటారు. మంచినూనె అంటే ఒక ఊళ్ళో నువ్వులది, ఇంకో ఊళ్ళో పల్లీలది. హైదరాబాదులో ఉన్న మనిషి 'చెనక్కాయల నూనె' అని వెతకడు, అతనికి ఆ మాటే తట్టదు. అందుకని పేజీలో మీ మాట మీరు రాసుకుంటూనే, 'మీరు పల్లీ నూనె అన్నా, వేరుశనగ నూనె అన్నా ఇదే' అని ఒక వాక్యం సహజంగా కలపండి. చాలామంది ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు మాటలు కొడతారు. పేజీ చిరునామాలో ఆ అక్షరాలు వాడితే సరిపోతుంది. బెంగళూరు కన్నడిగుల కోసం, ఇక్కడ పెరగని పిల్లల కోసం ముఖ్యమైన నాలుగైదు పేజీలకు ఇంగ్లిష్ కూడా పెట్టండి. ఆ పనికి ఏఐని వాడుకోవచ్చు, తర్వాత ఇంగ్లిష్ వచ్చినవాళ్ళ చేత ఒకసారి చదివించండి. మొదటి రాత మాత్రం దానికి అప్పజెప్పకండి. మీ బస్తాలో ఎన్ని గింజలు బూజు పట్టాయో దానికి తెలియదు కదా.

మీ రాత గ్రాంథికం వైపు పోతుందేమో చూసుకోండి. డిగ్రీ తెలుగు మీడియం అన్నారు కాబట్టి చెబుతున్నాను. 'మా సంస్థ నందు లభించు స్వచ్ఛమైన తైలములు' అని రాస్తే మీ కొట్టులో మీరు ఎలా మాట్లాడతారో అది పోతుంది. ఊరుబిండి (రోటి పచ్చడి) నూరేటప్పుడు ఈ నూనె ఒక చుక్క వేస్తే ఎలా ఉంటుందో మీ అమ్మగారికి చెప్పినట్టు రాయండి.

ఇప్పుడు అసలు మెలిక. ఈ పేజీలు రాసి కూర్చుంటే జనం వచ్చి పడరు. కొత్తలో గూగుల్ నుంచి వచ్చేవాళ్ళు చాలా తక్కువ. నెలల తరబడి అలాగే ఉంటుంది. కాబట్టి మొదటి ఆరు నెలలు మీ పేజీలను చేరవేసేది వాట్సాప్. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో తయారు జవాబులు దాచుకునే వీలుంది. ఎవరైనా నురగ గురించి అడిగితే రెండు వాక్యాల జవాబు, కింద ఆ పేజీ లింకు, ఒక్క నొక్కుతో పోతాయి. ఇప్పటిదాకా ఒక్కో ఫోన్‌కు పది నిమిషాలు చెప్పిందే చెప్పి గొంతు నొప్పి తెచ్చుకుంటున్నారు కదా, అది తగ్గుతుంది. నన్నడిగితే చిన్న వ్యాపారానికి బ్లాగ్ వల్ల మొదట కలిగే లాభం ఇదే. కొత్తవాళ్ళు రావడం దాని తర్వాత.

వాట్సాప్‌లో ఒకే సందేశం అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చుకోవచ్చు. కానీ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ సందేశం అందుతుంది. కాబట్టి సీసా ఇచ్చేటప్పుడే 'నంబరు సేవ్ చేసుకోండి, కొత్తగా నూనె ఆడించిన రోజు చెబుతాం' అనండి. రోజూ శుభోదయం పూలబొమ్మలు పంపితే మాత్రం సేవ్ చేసినవాళ్ళే తీసేస్తారు. నెలకు రెండు సందేశాలు చాలు.

గూగుల్ మ్యాప్స్‌లో మీ కొట్టు వివరాలు చూశాను. సెలవు ఏ రోజో లేదు. ఫోటోలు రెండే, ఒకటి తలకిందులుగా ఉంది. అది ఉచితం, మీ బ్లాగ్ కంటే ముందు జనం చూసేది అదే. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని సరిచేయండి. 'నూనె వాసన వస్తోంది' అని ఒకాయన రెండు స్టార్లిచ్చి రాశాడు. మీరు జవాబు ఇవ్వలేదు. గానుగ నూనెకు గింజ వాసన ఉంటుంది, ముక్కిపోయిన వాసన వేరు. ఆ తేడా చెప్పి, ముక్కిపోతే మార్చి ఇస్తామని అక్కడే రాయండి. ఆయన చదవకపోయినా తర్వాత వచ్చే వందమంది చదువుతారు.

రీల్స్ గురించి బాధపడకండి. నూనె ధార కట్టి కారుతుంటే చూడటానికి బాగుంటుంది, అందుకే రెండు లక్షల మంది చూశారు. వాళ్ళలో నూనె కావాల్సినవాళ్ళు ఎందరుంటారు? నాలుగు ఆర్డర్లు వచ్చాయంటే సంతోషించాలి. అప్పుడప్పుడూ పెట్టండి, వీడియోలో రేటూ, ఏయే ఊళ్ళకు పంపుతారో చెప్పండి. దాని మీద డబ్బు మాత్రం పెట్టకండి.

ఎప్పుడు ఏం రాయాలో మీ ఇంటి గోడ మీది క్యాలెండరే చెబుతుంది. ఆవకాయ ముక్కలు కొట్టేది ఏప్రిల్, మే నెలల్లో. ఎన్ని కాయలకు ఎంత నువ్వుల నూనె పడుతుందో చెప్పే పేజీ మార్చి మొదట్లోనే ఉండాలి. మే నెలాఖరులో రాస్తే జాడీలకు గుడ్డ కట్టేసి ఉంటారు. కార్తీక దీపాల నూనె సంగతి దసరా లోపు, సంక్రాంతి అరిసెల సంగతి డిసెంబరులో. ఇవి కాక, కొత్త కాయ మార్కెట్‌కు వచ్చినప్పుడు ఈసారి గింజ ఎలా ఉందో ఒక చిన్న కబురు. ఆ చివరిది ఏ పెద్ద కంపెనీ రాయలేదు.

ఎన్ని రాయాలంటే, నెలకు రెండు. ఏడాదికి ఇరవై నాలుగు దాటనక్కర్లేదు. ఫలితం ఎలా తెలుస్తుందని అడుగుతారు. ఎంతమంది చూశారన్న అంకె పక్కన పెట్టండి. కొత్తగా ఫోన్ చేసిన ప్రతివాళ్ళనూ 'మా సంగతి ఎలా తెలిసింది?' అని అడిగి అదే నోటుపుస్తకంలో గీతలు గీయండి: మైకు, మ్యాప్స్, వాట్సాప్, వెబ్‌సైట్, తెలిసినవాళ్ళు. ఆరు నెలల తర్వాత ఆ గీతలు ముందు పెట్టుకుని మీ ఆయనా మీరూ వాదించుకోండి. తెలిసినవాళ్ళు చెప్పగా వచ్చామన్న గీతలే ఎక్కువుంటాయని నా అంచనా. వాళ్ళకు కూడా చెప్పడానికి ఏదో ఒకటి కావాలి కదా, లింకు పంపితే సులువు.

పాత తొంభై సంగతి. జబ్బుల మాటలున్నవి ముందే తీసేయమన్నాను. మిగతావాటిలో జనం నిజంగా వస్తున్నవి ఏవో గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ వాళ్ళ పనిముట్టు ఉచితంగా చూపిస్తుంది. అవి మూడో నాలుగో ఉంటాయి, వాటిని మీ మాటల్లో తిరగరాయండి. తక్కినవి పోనివ్వండి. తొంభై ఆరు వేలు పెట్టాం కదా అని దాచుకోవడం ముక్కిపోయిన నూనె దాచుకోవడం లాంటిదే. బ్లాగ్ రాసేవాళ్ళతో తెగతెంపులు చేసుకునే ముందు ఒకటి చూసుకోండి. వెబ్‌సైట్ పేరు ఎవరి పేరు మీద కొన్నారు? చాలామంది చిన్న వ్యాపారులకు ఇది ఆ రోజు దాకా తెలియదు. అది వాళ్ళ పేరు మీద ఉంటే ముందు మీ పేరుకు మార్పించుకుని, పాస్‌వర్డులన్నీ చేతికి వచ్చాక అప్పుడు ఆ మాట చెప్పండి. గూగుల్ మ్యాప్స్ వివరాలు ఎవరి ఈమెయిల్‌తో పెట్టారో కూడా కనుక్కోండి.

ఇక మైకు. ఆటోకి రెండు రోజులు బాడుగ ఎంతో కనుక్కోమనండి ఆయన్ని. మైకులో చెప్పాల్సిన మాటలు మాత్రం మీరు రాయండి, అందులో లీటరు రేటు ఉండాలి.

మీరు పంపిన సీసా ఫోటో పెద్దది చేసి చూశాను. లేబుల్ బాగుంది, లైసెన్స్ నంబరు పద్నాలుగు అంకెలూ చదవగలిగాను. తయారీ తేదీ మాత్రం నూనె చెయ్యి తగిలి చెరిగిపోయింది. పెన్నుతో రాస్తున్నట్టున్నారు. తేదీ ముద్రలు స్టేషనరీ కొట్టుల్లో దొరుకుతాయి, నూనె తగిలినా చెరగని సిరా అడగండి. 'ఎన్నాళ్ళుంటుంది?' అన్న పేజీ రాసే లోపే అది తెచ్చుకోండి. చదివినవాళ్ళు ముందు సీసా తిప్పి ఆ తేదీనే చూస్తారు.